పెంటవ్వ బొట్టు

పోయిన వారం నితీష్‌ను బోధన్ బస్సులో, కిటికీ పక్కన, పళ్ళు కొరుకుతూ ఉండగా వదిలేశాం. ఎందుకు కొరుకుతున్నాడో మరిచిపోయిన వాళ్ళకూ, ఈ వారమే పత్రిక చేతిలోకి తీసుకున్న వాళ్ళకూ నాలుగు ముక్కలు చెప్పి అతన్ని బస్సు దింపుతాను.

నితీష్‌కు ఇరవై ఒక్క ఏళ్ళు. హైదరాబాదులో పెరిగాడు. పదహారో ఏట తల్లితో కలిసి మోర్మన్ అనే క్రైస్తవ సంఘంలో చేరాడు. ఇప్పుడు చదువూ సినిమాలూ స్నేహితులూ అన్నీ పక్కన పెట్టి రెండేళ్ళకు మిషనరీగా వచ్చాడు. నిజామాబాదులో ఒక గది, తెల్ల చొక్కా, టై, జేబు మీద నల్ల పేరుబిళ్ళ, పక్కన నీడలాగా ఒక జతగాడు. ఆ జతగాడు నాందేడ్ కుర్రాడు దేవిదాస్. పొద్దున లేచిన దగ్గర్నించి ఒకరి కంటికి ఒకరు కనబడుతూనే ఉండాలన్నది వాళ్ళ నియమం. ఒకర్నొకరు 'ఎల్డర్' అని పిలుచుకుంటారు. ఎల్డర్ అంటే పెద్దవాడని అర్థం. మీసం సరిగా రాని వాళ్ళను పెద్దవాళ్ళని పిలవడం చూసి ఊళ్ళో నవ్విన వాళ్ళు చాలామందే ఉన్నారు.

వాళ్ళ సంఘంలో ఒక ఆచారం ఉంది. తమ మార్గం వినకుండానే చనిపోయిన వాళ్ళ పేరున, బతికున్న వాళ్ళెవరో దేవాలయంలో నీళ్ళలో మునిగి బాప్తిస్మం తీసుకుంటారు. రెండు నెలల కింద నితీష్ తన తాత ముత్తన్న పేరు అలా పంపాడు. ప్రేమతోనే పంపాడు. ఈ మాట ఇక్కడే చెప్పేస్తున్నాను, ముందు ముందు అతని మీద మీకు కోపం వస్తుంది కాబట్టి. చిన్నప్పుడు చెరుకు గడ పళ్ళతో చీల్చి, ముక్కలు చేసి నోట్లో పెట్టిన తాత ఒక్కడే అతనికి గుర్తు. ఆ తాత ఎక్కడో చీకట్లో ఒంటరిగా ఉండకూడదనుకున్నాడు.

అయితే అందుకు అతను ఫోనులో నింపిన ఫారంలో ఒక గడి ఉంది. పోయిన మనిషి భార్య బతికుంటే ముందు ఆమె అనుమతి అడగాలి. అడిగానని ఆ గడిలో టిక్కు పెట్టాలి. నితీష్ అడగలేదు, టిక్కు మాత్రం పెట్టాడు. పక్కనే కూచున్న దేవిదాస్ "మీ నానమ్మగారు ఒప్పుకున్నారా?" అంటే, "ఆఁ, సంతోషపడింది" అన్నాడు. ఆ నానమ్మను అతను పదమూడేళ్ళుగా చూడనే లేదు.

మొన్న ఆదివారం, ఎక్కడో సముద్రం అవతల ఒక కుర్రాడు ముత్తన్న పేరున మునిగి లేచాడని కబురు వచ్చింది. నితీష్ తల్లి పట్టలేని సంతోషంతో, ఎన్నాళ్ళుగానో మాటల్లేని ఆడబిడ్డ సుమన నంబరు వెతికి పట్టుకుని ఆ కబురును ఫోటో తీసి పంపింది. సుమన దాన్ని తన తల్లి పెంటవ్వకు చదివి వినిపించింది. మంగళవారం పొద్దున నితీష్ ఫోనులో సుమనత్త గొంతు వచ్చింది. "బాపమ్మ నిన్ను రమ్మంటుంది. నువ్వు రాకుంటె తానే మీ రూముకొస్తనంటుంది. కోపంల ఉన్నది, జెర సూస్కో."

ఇక ఆ వారమంతా నితీష్‌కు ఒళ్ళు మండుతూనే ఉంది. సోమవారం వాళ్ళకు బట్టలుతుక్కునే రోజు, ఇంటికి ఫోను చేసుకునే రోజు. తల్లి ఆనందంతో ఏడ్చింది. తండ్రి బాలనర్సయ్య తలనొప్పిగా ఉందని అసలు ఫోనులోకే రాలేదు. బుధవారం వర్ని చౌరస్తా దగ్గర ఒకాయన వీళ్ళ టైలు చూసి "వాటర్ ఫిల్టర్ వద్దు" అని తలుపేశాడు. ఇంకొకాయన "ఎల్ఐసీ అయితే మా తమ్ముడే చేస్తడు" అన్నాడు. మూడో ఇంట్లో ముసలాయన చాయ్ తెప్పించాడు. చాయ్ తాగడం వాళ్ళ నియమానికి విరుద్ధం. వద్దంటే ఆయన కప్పు ఠక్కున బల్ల మీద పెట్టి "మా చేతి చాయ్ పనికిరాదు గని మా ఆత్మలు గావాల్నా మీకు?" అన్నాడు. నితీష్‌కు ఆ మాట మిరపకాయ నమిలినట్టు అనిపించింది. బంధువుల ఇంటికి వెళ్ళాలంటే పైవాళ్ళ అనుమతి కావాలి. అది బుధవారం సాయంత్రానికి వచ్చింది. రాకపోతే బాగుండునని అతను మనసులో మొక్కుకున్న సంగతి దేవిదాస్‌కు తెలియదు.

గురువారం పదింటికి బస్సు బోధన్ చేరింది. దారి పొడుగునా చెరుకు ట్రాక్టర్లు మహారాష్ట్ర వైపు పోతున్నాయి. ఊళ్ళో చక్కెర ఫ్యాక్టరీ మూతబడి ఏళ్ళయింది. బస్సు కిటికీలోంచి ఒక చెరుకు మడి చూసి, ఇలాంటిదే ఎకరన్నర తమకూ ఉండాలని గుర్తొచ్చింది నితీష్‌కు. తాత పేరు మీద ఉండేది, తర్వాత తండ్రి పేరు మీదికి మారింది. ఆ మడి మీదే బాపుకూ బాపమ్మకూ గొడవలై రాకపోకలు ఆగిపోయాయని ఇంట్లో చెప్పేవాళ్ళు.

శక్కర్‌నగర్ వెనకాల రేకుల ఇల్లు. వాకిట్లో గోనెపట్టా మీద పెంటవ్వ కాళ్ళు చాపుకుని కూచుని ఉంది. ఒళ్ళో చాట, చాటలో తంబాకు, కత్తిరించిన తునికాకులు, దారం. ఆమె చేతులు బీడీలు చుడుతూనే ఉన్నాయి, కళ్ళు మాత్రం వీళ్ళ బూట్ల నించి టై దాకా ఎగబాకాయి.

"బాగున్నవా బాపమ్మా?" అన్నాడు నితీష్.

"నన్ను అడుగుడు గియ్యాల యాదికొచ్చిందా నీకు?" అంది పెంటవ్వ. "కూసో. గా పిల్లగాన్ని గూడ కూసోమను. ఎండల వచ్చిండు పాపం."

దేవిదాస్ తంబాకు చాటకు వీలైనంత దూరంగా పీట లాక్కుని కూచున్నాడు. పెంటవ్వ పక్కనున్న ఫ్లాస్కు మూత తీసి రెండు గ్లాసుల్లో చాయ్ పోసింది. నితీష్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"మేం చాయ్ తాగం, బాపమ్మా."

"ఎందుకు?"

"మా నియమం."

"మంచిది." ఆమె ఒక గ్లాసు తీసి తనే తాగింది. "నా ఇంట్ల చాయ్ ముట్టవు. నా మొగని పేరు మాత్రం నన్ను అడగకుంట ఎత్కపోతవు. గిదేం నియమంరా?"

నితీష్ దీనికి సిద్ధపడే వచ్చాడు. బస్సులో పాఠం అప్పజెప్పుకున్నట్టు నాలుగు వాక్యాలు కూర్చుకున్నాడు. "బాపమ్మా, అది తాత మంచికే చేసింది. ఎవరి బలవంతం లేదు. మేం ఇక్కడ తలుపు తెరిచి పెడతం, అంతే. లోపలికి రావాల్నో వద్దో తాత ఇష్టం. ఆయన ఆత్మ వద్దంటే అది చెల్లదు."

"వద్దంటే చెల్లదా?"

"చెల్లదు."

"అయితే ఇడిసిపెట్టు. వద్దన్నడు."

"అట్ల మనం చెప్పలేం, బాపమ్మా. అది ఆయనే..."

"ఆయనే అన్నడు. నిన్న పొద్దుగాల ఫోన్ జేసి అడిగిన. 'గట్లెవ్వల పేరు మీద ఎవ్వలు మునుగుతరే, పిచ్చిదానా, నా తానం నేనే జేస్కుంట' అన్నడు."

నితీష్ దేవిదాస్ వైపు చూశాడు. ముసలామెకు మతి తప్పిందేమోనన్న చూపు అది. దేవిదాస్ మాత్రం అతని వైపు చూడటం లేదు. పెంటవ్వ ముఖం వైపే చూస్తున్నాడు, అతని ముఖంలో రంగు మారిపోయింది.

"ఎల్డర్," అన్నాడు దేవిదాస్ మెల్లగా, పుస్తకాల్లో నేర్చుకున్న తన తెలుగులో. "ఆమె నుదురు చూడు."

నితీష్ చూశాడు. పెంటవ్వ నుదుటి మీద రూపాయి బిళ్ళంత కుంకుమ బొట్టు. చేతుల నిండా ఆకుపచ్చ గాజులు, మెడలో నల్లపూసలూ పుస్తెలూ, చాపిన కాళ్ళకు మెట్టెలు. వాకిట్లోకి అడుగుపెట్టిన దగ్గర్నించి ఇవన్నీ అతని కళ్ళ ముందే ఉన్నాయి. తెలుగింట పుట్టిన వాడికి ఆ బొట్టు కనబడలేదు, నాందేడ్ వాడు చెప్పాల్సి వచ్చింది.

"ఇప్పుడు కండ్లు కనబడ్డయా?" అంది పెంటవ్వ. ఆమె గొంతు లేచింది. "పదమూడేండ్లు రాలే, పోనీ అనుకున్న. ఫోన్ జెయ్యలే, పోనీ అనుకున్న. యాన్నో పట్నంల మంచిగుంటె సాలనుకున్న. నువ్వేం జేసినవ్? నేను రోజూ పొద్దుగాల తానం జేసి, అద్దంల సూస్కుంట పెట్టుకునే బొట్టును, నువ్వు గా ఫోన్ల ఏలు పెట్టి తుడిసినవ్! పోయినేడు సర్వేకొచ్చిన పిల్ల గిట్లనే, ఫోన్ల జూసి 'అవ్వా, తాత లేడని ఉన్నది' అన్నది. సీపురు తీస్కున్న. ఏడ్సుకుంట పోయింది పాపం, దాని తప్పేమున్నది. నువ్వు గా పిల్ల లెక్క పరాయోనివా? నీకు ఏం తీస్కోవాల్నో సెప్పు!"

"తాత బతికే ఉన్నడా?" అన్నాడు నితీష్. ఆ మాట అతనికే వినబడలేదు.

"బతికున్నడు. మెండోర దిక్కు, గోదారి ఒడ్డుకు, కుష్టు నయమైనోళ్ళ కాలనీ ఉన్నది. గాడున్నడు. నెలకొకపారి రెండు బస్సులు మారి పోత, పెరుగన్నం తింటడు. రోగం ఎప్పుడో పోయింది. మందులు మింగిండు, డాక్టర్లు రాసిచ్చిండ్రు, ఎవ్వలకు అంటదు అని. ఏళ్ళు మాత్రం వంకరపోయి అరిగిపోయినయి. రోగం పోయింది గని మీ బాపు సిగ్గు పోలే. పెండ్లాం పిల్లల కండ్లబడొద్దన్నడు. మీ తాత గూడ మారాజు లెక్క, 'నా మనుమడు నన్ను జూసి జడుసుకుంటడు, నేనీన్నే ఉంట' అన్నడు."

నితీష్‌కు వచ్చింది ఏడుపు కాదు. భయం కాదు, కోపం. ఇన్నాళ్ళూ ఎవరి మీదో తెలియక తిరిగిన కోపం ఇప్పుడు కనబడ్డ ప్రతివాళ్ళ మీదికీ ఎగబడుతోంది. ఈ ముసలామె మీద, దాచిపెట్టిన వాళ్ళ మీద, తన మెడలో బిగిసిన టై మీద. చెరుకు ముక్క నోట్లో పెట్టిన ఆ చేతుల్ని చూసి తను జడుసుకుంటాడని వాళ్ళే తేల్చేసుకున్నారు. అతన్ని ఎవరూ అడగలేదు.

అప్పుడే దేవిదాస్ లేచి నిలబడ్డాడు.

"ఎల్డర్, అనుమతి తీసుకున్నానని చెప్పావు. ఆమె సంతోషపడింది అన్నావు."

నితీష్ నేల చూపులు చూశాడు.

"నాతో అబద్ధం చెప్పావా?"

"చెప్పిన," అన్నాడు నితీష్. "అడిగితే వద్దంటదని అడగలేదు. టిక్కు పెట్టేసిన."

దేవిదాస్ అరవలేదు, తిట్టలేదు. అరిచి ఉంటే నయంగా ఉండేది. ఆరు నెలలు ఒకే గదిలో, ఒకే పళ్ళెంలో తిన్న వాణ్ణి కొత్తగా చూసినట్టు చూశాడు. "నువ్వు ఒక్క మాట అడిగి ఉంటే ఈ తప్పు జరిగేదే కాదు. ఆ గడి ఉన్నదే అందుకు. సాయంత్రంలోగా పైవాళ్ళకు నువ్వు చెప్పు. నువ్వు చెప్పకపోతే నేను చెబుతాను. నిన్ను ఇంటికి పంపేస్తారేమో నాకు తెలియదు."

"ఏందది?" అంది పెంటవ్వ. "మీ నియమంల నన్ను అడగాలని రాసున్నదా?"

"అందరికంటే ముందు మిమ్మల్నే, అమ్మా. భార్యను అడగకుండా చేయకూడదు."

పెంటవ్వ ఒక బీడీ చుట్టి, కొన మడిచి, దారం కట్టి చాటలో వేసింది. "గది మంచి నియమమే," అంది. "దాన్ని గూడ తొక్కి నా ఇంట్లకొచ్చినవన్న మాట. మతం నాకెందుకురా? ఎవ్వల దేవుడు ఆళ్ళకు. గీ బజార్ల సాయిబులు లేరా, మేం లేమా, నలభై ఏండ్ల సంది కలిసి బతుకుతలేమా? నువ్వు ఏ దేవునికన్న మొక్కు. నా మొగడు సచ్చిండని నాకు జెప్పే హక్కు నీకెవ్వలిచ్చిండ్రు? ఎవ్వడో అన్నడని, గుడ్డిగ నమ్మి..."

"ఎవ్వడో కాదు!" నితీష్ అరిచాడు. ఎదురింటి గుమ్మంలో ఎవరో తల బయటపెట్టారు. అతనికి పట్టలేదు. "ఎవ్వడో కాదు బాపమ్మా, బాపే జెప్పిండు! నాకెనిమిదేండ్లు. ఊరికి పోయి నాలుగు రోజులకు వచ్చిండు. వచ్చినప్పుడు గుండున్నది. మీసం గూడ తీసిండు. తాత చచ్చిపోయిండు, దినాలు చేసి వస్తున్న అన్నడు. అమ్మ ఏడ్సింది, నేను ఏడ్సిన. నాకు జొరమొచ్చింది గూడ. నేను గుడ్డిగ నమ్మిన్నా? కన్నతండ్రి గుండు కొట్టించుకొని వస్తే ఎవ్వడు నమ్మడు?"

పెంటవ్వ వేళ్ళు నెమ్మదించాయి. ఆకు సగం చుట్టి ఆగింది. "గుండు కొట్టించుకున్నడా?" అంది.

"కొట్టించుకున్నడు."

"బతికున్న బాపుకు." ఆమె ఆ మాట అతనితో అనలేదు. "నాకేమో ఏదో మొక్కున్నదన్నడు. యాత్రకు పోయిన్నన్నడు." మళ్ళీ తల విదిలించుకుని వేళ్ళు కదిపింది. "సిగ్గు తోటి గట్ల జేసిండనుకో. నోటితోటి అన్నడనుకో. నీకు సదువున్నది గదా, నువ్వు కాయితం మీద ఎక్కిచ్చేటప్పుడన్న..."

"కాయితం జూసే ఎక్కించిన!"

"ఏం కాయితం?"

"బాపు బీరువల ఉన్నది. ప్లాస్టిక్ కవర్ల. తాత చచ్చిపోయినట్టు సర్టిఫికెట్. ముద్ర ఉన్నది, సంతకం ఉన్నది. తారీఖు నేను ఊహించి రాయలేదు, దాంట్లకెల్లే రాసిన."

పెంటవ్వ చేతుల్లోని ఆకు విప్పుకుని తంబాకు ఒళ్ళో రాలింది. ఆమె దులుపుకోలేదు. వాకిట్లోకి వచ్చిన దగ్గర్నించి చుడుతున్న బీడీ ఆమె చేతిలో చెదరడం నితీష్ చూడటం అదే మొదటిసారి.

"ఏ తారీఖు?"

"రెండువేల పన్నెండు, నవంబర్ పంతొమ్మిది."

ఆమె కళ్ళు మూసుకుని లెక్క కట్టింది. పండుగల లెక్క, కోతల లెక్క. "కార్తీకం," అంది చివరికి. "గా కార్తీకంల ఆయన కాలుకు ఆపరేషన్ అయింది. పది దినాలు దవాఖానల, మంచం కాడ నేలమీద పండుకున్న. ఆయన లేసి కూసున్న నాడు కొబ్బరికాయ గొట్టిన." కళ్ళు తెరిచింది. "నేను కొబ్బరికాయ గొడుతున్ననాడు, నా కొడుకు ఆడ కాయితం రాయించిండు."

దేవిదాస్ మళ్ళీ పీట మీద కూచున్నాడు, ఈసారి చాటకు దగ్గరగానే.

"సెరుకు మడి పట్టా నీ బాపు పేరు మీదికెట్ల మారిందో నేను అడగలే," అంది పెంటవ్వ. "ఒక్క కొడుకు, ఆనిది గాక ఎవ్వలది అనుకున్న. ఆయనను గూడ అడగలే. రేషన్ కార్డుల ఆయన పేరు పోయింది. కాలనీల ఉంటుండు గదా, అందుకే కావచ్చనుకున్న. గా సర్వే పిల్ల..." ఆమె ఆగింది. "గా పిల్లను ఉత్తగనే తిట్టిన. దాని ఫోన్ల ఉన్నదే అది జెప్పింది. సీపురు తీస్కోవాల్సింది గా పిల్ల మీదికి గాదు."

నితీష్ ఆమె ముందు మోకాళ్ళ మీద కూచున్నాడు. ఇస్త్రీ ప్యాంటుకు తంబాకు దుమ్ము అంటుకుంది. "బాపమ్మా, తప్పు నాది గూడ. నేను తాతకాడికొస్త. చచ్చినవని రాసింది నేనేనని నా నోటితోనే చెప్త. నన్ను ఇంటికి పంపినా సరే. పైవాళ్ళకు ఇయ్యాలే చెప్త."

ఆమె అతని తల మీద చెయ్యి వేస్తుందనుకున్నాడు. వెయ్యలేదు. ఆమె కోపం ఇంకా దిగలేదు, దిగాల్సిన పనీ లేదు.

"నీ సంగతి తర్వాత సూద్దాం," అంది. "నువ్వు తెలవక సంపినవ్. తెలిసి సంపినోడు ఇంకొకడున్నడు. ఫోన్ జెయ్ ఆనికి."

నితీష్ జేబులో చెయ్యి పెట్టి ఆగిపోయాడు. ఇంటికి ఫోను సోమవారమే చేయాలన్నది అలవాటైన కట్టుబాటు. ఇన్ని అబద్ధాలాడి, ఇప్పుడు ఆ చిన్న కట్టుబాటు దగ్గర వేళ్ళు బిగుసుకుపోయాయి. మనిషి మనసు ఒక్కోసారి ఎక్కడ ఆగుతుందో చూస్తే నవ్వొస్తుంది.

దేవిదాస్ తన ఫోను తీసి అతని చేతిలో పెట్టాడు. "ఈ రోజు గురువారమని నాకు తెలుసు," అన్నాడు. "చెయ్యి. నేను ఇక్కడే ఉంటాను. అది కూడా నియమమే."

నితీష్ నంబరు నొక్కి, స్పీకరు పెట్టాడు. రెండు సార్లు మోగింది. మూడోసారికి బాలనర్సయ్య గొంతు వచ్చింది. కొత్త నంబరు కాబట్టి ముందు "హలో, ఎవరండీ?" అన్నాడు, ఆఫీసులో మాట్లాడే పట్నం గొంతుతో.

"నేను, బాపూ."

"నితీషా? ఏమైందిరా? సోమవారం గాదు గదా ఇయ్యాల? యాడున్నవ్?"

నితీష్ నోరు తెరిచాడు. ఈ కాసేపట్లో కూడబెట్టుకున్న తిట్లన్నీ గొంతు దాకా వచ్చాయి. అవి బయటపడకముందే పెంటవ్వ ఒళ్ళోని చాట పక్కకు జరిపి, చెయ్యి చాపి ఫోను లాక్కుంది. చీర కొంగుతో నుదుటి చెమట తుడుచుకుంది, బొట్టు చెదరకుండా, చుట్టూతా మాత్రమే. తర్వాత, బీడీల లెక్క అప్పజెప్పే నింపాది గొంతుతో మాట్లాడింది.

"నర్సయ్యా, మీ అవ్వను. నువ్వు కాయితం మీద ముండమోయించిన పెంటవ్వను మాట్లాడుతున్న. మీ బాపు ఏ రోగమొచ్చి సచ్చిండని రాయించినవో, జెర బీరువ తెరిచి, గా కాయితం సదివి వినిపియ్యి బిడ్డా. సాయంత్రం బస్సుకు ఆయన కాడికే పోతున్న. పోయి జెప్పాలె గదా."